తార్నాక నుండి వేంపల్లె దాకా – డోలమైట్ రాతి కథ

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం పంపమని మన కార్యదర్శిగారు అడిగారు. కరువు భత్యం బకాయిల గురించి, కమ్యుటేషన్ గురించి సాధికారికంగా వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు గనుక నేను ఒక రాయి గురించి వ్రాస్తానన్నాను. వారు నవ్వి సరేనన్నారు. ఆ రాయితో నాకున్న పరిచయం అంత గౌరవప్రదమైనది కాదు. ముందుగా అది చెప్పుకోవడమే న్యాయం.

ఉద్యోగంలో ఉండగా కొంతకాలం గనుల లీజులకు సంబంధించిన సీటు చూశాను. జిల్లాల నుండి వచ్చే నమూనా పరీక్షల నివేదికలను రిజిస్టరులోకి ఎక్కించడం, డిమాండు నోటీసులకు ముసాయిదా పెట్టడం నా పని. ఒకనాడు ‘డోలమైట్’ అని ఉన్న చోట ‘సున్నపురాయి’ అని ఎక్కించాను. రెండూ బూడిదరంగు రాళ్ళే కదా, పేరేదైతేనేమి అనుకున్నాను. కాని రెండింటికీ రాయల్టీ రేట్లు వేరు. నోటీసు తప్పుగా వెళ్ళింది. ఆ లీజుదారు పెద్ద ఆసామీ కాడు, రెండు లారీల మనిషి. లెక్క తేలేదాకా అతని రవాణా పర్మిట్లు ఆగిపోయాయి. ఫైలు సరిదిద్దడానికి పద్నాలుగు నెలలు పట్టింది. నాకొక మెమో వచ్చింది, సంజాయిషీ వ్రాసుకున్నాను, అంతటితో నా వరకు తీరిపోయింది. అతని పనివాళ్ళు మాత్రం ఆ పద్నాలుగు నెలలూ ఏం తిన్నారో ఏ ఫైలులోనూ లేదు.

ఆ రోజుల్లో మా సెక్షనుకు వచ్చిపోయే ఒక భూగర్భ శాస్త్ర సహాయకుడు రెండు రాతిముక్కలు నా బల్ల మీద పెట్టి, చిన్న సీసాలోంచి పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క చొప్పున వేసి చూపించాడు. సున్నపురాయి మీద చుక్క పడగానే సోడా కాయ కొట్టినట్లు బుసబుస పొంగింది. డోలమైట్ మీద పడిన చుక్క ఊరకే కూర్చుంది. మేకుతో గీకి పొడి చేసి దానిమీద వేస్తే అప్పుడు మెల్లగా నాలుగు బుడగలు వచ్చాయి. పద్నాలుగు నెలల తగవుకు ఇంత సులువైన తీర్పు ఉందని నాకప్పుడే తెలిసింది. పదవీ విరమణ తర్వాత తార్నాకలో స్థిరపడ్డాక, తీరిక దొరికినప్పుడల్లా ఈ రాయి సంగతి చదువుతూ వచ్చాను. ఆ చదివినదాని సారమే ఈ వ్యాసం.

ఉదయం పూట ఉస్మానియా ఆవరణలో నడకకు వెళ్ళే మిత్రులకు ఒక మాట. మనం నడిచే ఆ నేలంతా గ్రానైటు. ఆర్ట్స్ కాలేజీ ముందు, విద్యార్థి వసతి గృహాల వెనుక, తార్నాక చౌరస్తా నుండి హబ్సిగూడ దాకా ఇళ్ళ పునాదులు తవ్వినప్పుడు తగిలేదీ అదే. దాని వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం కూడా గ్రానైటు కట్టడమే. ఇది కరిగిన రాతిద్రవం భూమి లోపల చల్లారి గట్టిపడిన రాయి. దీనిలో చమురుకు చోటు ఉండదు, పగుళ్ళలో కాసిన్ని నీళ్ళు మాత్రం దొరుకుతాయి. మా వీధిలో బోరు వేయించుకున్న ప్రతి ఇంటివారికీ ఈ సంగతి తమ డబ్బుతో తెలిసినదే.

అదే ఇంట్లోకి వచ్చి చెప్పులు విడిచి గచ్చు మీద కాలు పెట్టగానే మనం వేరే లోకంలోకి వెళ్తాం. తాండూరు బండ, షాబాదు బండ, బేతంచెర్ల బండ, వంటింటి అరుగు మీద నల్ల కడప బండ – ఇవన్నీ సముద్రపు అడుగున పేరుకున్న సున్నపు బురద గట్టిపడి తయారైనవే. గృహిణులకు ఇది వేరే చెప్పనక్కరలేదు. నల్లబండ మీద నిమ్మకాయ పిండితే ఆ మచ్చ ఎంత తోమినా పోదు. నిమ్మరసంలోని పులుపు రాతిలోని సున్నాన్ని తినేస్తుంది. మా సెక్షనులో సీసాతో జరిగిన పరీక్షే మన వంటింట్లో రోజూ జరుగుతోందన్నమాట. తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఒకప్పుడు సముద్రాలు నిలిచాయనడానికి మన గచ్చులే సాక్ష్యం.

ఇక చమురు సంగతి. భూమి అడుగున చమురు చెరువులా నిలిచి ఉంటుందని, గొట్టం దింపితే పైకి వస్తుందని మనలో చాలామందికి ఒక అభిప్రాయం ఉంది. నాకూ చాలాకాలం ఉండేది. అది నిజం కాదు. చమురు రాతిలోనే, ఆ రాతి రేణువుల నడుమ ఉండే సన్నని సందుల్లో ఉంటుంది. ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్టు ముంచితే చాయ్ ఎక్కడికి పోతోంది? బిస్కెట్టులో కంటికి కనపడని ఖాళీల్లోకి. అలా పీల్చుకొని నిలుపుకోగల రాతిని నిల్వ శిల అంటారు. ఖాళీలు ఉంటే చాలదు, ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి, లేకపోతే చమురు కదలదు. కింద చమురు పుట్టించే రాయి, పైన చమురు తప్పించుకోకుండా మూతలాంటి రాయి కూడా ఉండాలి. మన కృష్ణా గోదావరి ప్రాంతంలో నిల్వ శిల చాలావరకు ఇసుకరాయి. 1974లో కనుగొన్న బొంబాయి హై చమురు సున్నపురాతిలో ఉంది. ప్రపంచంలో మరికొన్ని పెద్ద నిల్వలు డోలమైట్‌లో ఉన్నాయి. ముఖ్యంగా రాయి ఎంత పాతదైతే అందులో డోలమైట్ పాలు అంత ఎక్కువ.

సున్నపురాయికి, డోలమైట్‌కు తేడా ఏమిటంటే, సున్నపురాయి కాల్షియం కార్బొనేట్. దానిలోని కాల్షియంలో సగం పోయి ఆ స్థానంలో మెగ్నీషియం వచ్చి చేరితే డోలమైట్. చేరడం అంటే ఎలా పడితే అలా కాదు. ఒక పొర కాల్షియం, ఒక పొర మెగ్నీషియం, మళ్ళీ కాల్షియం – చదరంగం పెట్టెలో గళ్ళంత క్రమంగా ఉండాలి. ఈ క్రమమే రెండు వందల ఏళ్ళపాటు శాస్త్రవేత్తలకు కంటిమీద కునుకు లేకుండా చేసింది.

పేరు వచ్చిన తీరు వినదగినది. ఫ్రాన్సు దేశస్థుడు దియోదా ద దోలొమ్యూ ఆల్ప్స్ పర్వతాలలో తిరుగుతూ, సున్నపురాయిలాగే ఉండి ఆమ్లానికి సరిగా పొంగని రాయి ఒకటి ఉన్నదని 1791లో ప్రకటించాడు. మరుసటి ఏడాది, 1792లో, నికొలా తియోదోర్ ద సొస్యూర్ అనే యువ శాస్త్రవేత్త దాన్ని విశ్లేషించి దోలొమ్యూ పేరనే డోలమైట్ అని పెట్టాడు. తర్వాత దోలొమ్యూ నెపోలియన్‌తో ఈజిప్టు వెళ్ళి, తిరిగి వస్తూ ఇటలీలో పట్టుబడ్డాడు. మెస్సీనా చెరసాలలో ఏకాంత ఖైదులో ఇరవై ఒక్క నెలలు ఉంచారు. కాగితం లేదు, కలం లేదు. దీపపు మసిని సిరాగా చేసుకొని, పుల్లను కలంగా చెక్కుకొని, తన దగ్గరున్న బైబిలు పుటల అంచుల్లో ఖనిజ శాస్త్రం మీద తన ఆలోచనలు వ్రాసుకున్నాడు. 1801లో విడుదలై అదే ఏడాది మరణించాడు. స్టేషనరీ ఇండెంటు పెట్టి మూడు నెలలు ఎదురుచూసిన మనవంటివారు ఈ సంగతి చదివి కొంచెం సిగ్గుపడవచ్చు.

డోలమైట్ మంచి నిల్వ శిల ఎలా అవుతుందన్న దానికి మొదటి లెక్క 1836లోనే వేశారు. ఫ్రాన్సుకే చెందిన ఎలీ ద బోమోఁ ఇలా లెక్కించాడు. మెగ్నీషియం పరమాణువు కాల్షియం కంటే చిన్నది. సున్నపురాతిలోని కాల్షియంలో సగం తీసి అంతే సంఖ్యలో మెగ్నీషియం పెడితే, రాయి ఆక్రమించే చోటు సుమారు 12, 13 శాతం తగ్గుతుంది. కొండ పైరూపం మారదు గనుక ఆ తగ్గిన మేర లోపల ఖాళీలుగా మిగులుతుంది. నూరు గదుల సత్రంలో లావుపాటి యాత్రికులు సగంమంది వెళ్ళి బక్కవాళ్ళు వచ్చినట్లు.

ఈ లెక్క అందంగా ఉంటుంది. అందంగా ఉన్నందువల్లనే చాలాకాలం పుస్తకాల్లో నిలిచింది. కాని దీన్ని పూర్తిగా నమ్మకూడదని తర్వాతివారు తేల్చారు. మెగ్నీషియం తెచ్చే నీరు తనతోపాటు అదనంగా కార్బొనేట్ కూడా తెస్తే ఉన్న ఖాళీలు కూడా పూడిపోతాయి. కనుక డోలమైట్ అయిన ప్రతి రాయీ చమురు పీల్చే రాయి కాదు. అసలు మేలు మరొకచోట ఉందని నేటి అభిప్రాయం. భూమి లోతుకు పోయేకొద్దీ పై బరువుకు సున్నపురాయి నొక్కుకుపోయి, కొంత కరిగి, ఆ కరిగినదే పక్క సందుల్లో పేరుకుని మూసేస్తుంది. డోలమైట్ అంత తేలికగా లొంగదు. ముద్దలాంటి సన్నని సున్నపు బురద, పంచదార పలుకుల్లాంటి స్ఫటికాలుగా మారి ఒకదానికొకటి ఆనుకొని నిలుస్తుంది. పలుకుల మధ్య సందులు అలాగే ఉండిపోతాయి. పైగా అది పెళుసు. భూమి కదిలినప్పుడు సున్నపురాయి కంటే తేలికగా పగులుతుంది. ఆ పగుళ్ళ వెంట నీరు దిగి చిన్న చిన్న గూళ్ళు తొలుస్తుంది. పలుకుల సందులు, పగుళ్ళు, గూళ్ళు – మూడూ కలిసినచోట మంచి నిల్వ శిల దొరికినట్లే. కోట్ల ఏళ్ళ వయసున్న, మైళ్ళ లోతున ఉన్న రాళ్ళలో సున్నపురాయి మూసుకుపోయి, దాని పక్కనున్న డోలమైట్ తెరుచుకొని ఉండడానికి కారణం ఇదే.

అంత మెగ్నీషియం ఎక్కడ నుండి వస్తుంది? సముద్రం నుండే. లీటరు సముద్రపు నీటిలో సుమారు 1.3 గ్రాముల మెగ్నీషియం ఉంటుంది. ఎక్కువేమీ కాదు. కనుక ఒక రాతిలోని ఖాళీలు నిండేంత నీరు ఒకసారి వచ్చి పోతే చాలదు, వందల సార్లు వచ్చి పోవాలి. ఆ నీటిని తిప్పే యంత్రాంగం కావాలి. నౌపడా, చినగంజాం ఉప్పు మడులను చూసినవారికి ఒక యంత్రాంగం వెంటనే అర్థమవుతుంది. మడిలో నీరు ఎండకు చిక్కబడుతుంది. ముందు సున్నపు పదార్థం, తర్వాత జిప్సం అడుగున దిగిపోతాయి. ఇవి కాల్షియాన్ని తీసుకుపోతాయి గనుక మిగిలిన నీటిలో మెగ్నీషియం పాలు పెరుగుతుంది. ఉప్పు తీసిన తర్వాత మిగిలే చేదు నీరు అదే. ఈ చిక్కని నీరు బరువు ఎక్కువై మెల్లగా నేలలోకి దిగి, కిందనున్న సున్నపురాతిలోంచి పారుతూ దాన్ని డోలమైట్‌గా మారుస్తుంది. అబూదాబీ తీరంలోని ఉప్పు మైదానాలలో ఇప్పుడు కూడా డోలమైట్ తయారవుతున్నట్లు 1960ల పరిశోధనలలో గుర్తించారు. గల్ఫుకు పోయిన మన కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల పిల్లలు అటువంటి నేల మీద రోడ్లు వేశారు.

ఇది ఒక మార్గం. రాయి లోతుకు కూరుకుపోయాక, బరువుకు చుట్టుపక్కల పొరల నుండి పిండబడిన నీటివల్ల మారడం మరొకటి. భూమి లోపలి పగుళ్ళ వెంట పైకి ఎగదన్నిన వేడినీటివల్ల మారడం ఇంకొకటి. ఒకే రాయి మూడు దశలనూ చూసి ఉండవచ్చు. ఏది ఎంత అన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు, ఉండాలని కూడా నాకు అనిపించదు.

ఇప్పుడు మన రాయి దగ్గరకు వద్దాం. కడప జిల్లాలో పాపాఘ్ని నది ఒడ్డున వేంపల్లె ఉంది. భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ కడప, కర్నూలు ప్రాంతాల రాళ్ళను కాలినడకనా గుర్రం మీదా తిరిగి పరిశీలించి 1872లో పెద్ద గ్రంథం ప్రచురించాడు. అక్కడి సున్నపురాళ్ళకు ఆ ఊరి పేరే పెట్టాడు. ఈనాటికీ ప్రపంచంలో ఎక్కడ చదివినా అవి వేంపల్లె శిలలే. వీటిలో ఎక్కువ భాగం డోలమైట్. వయసు దాదాపు 190 నుండి 200 కోట్ల సంవత్సరాలు. అప్పటికి భూమి మీద చేప లేదు, చెట్టు లేదు, గడ్డిపోచ కూడా లేదు. ఉన్నవల్లా నాచువంటి సూక్ష్మజీవులు. లోతులేని వెచ్చని సముద్రంలో అవి పొర మీద పొరగా జిగురు చాపలు అల్లి, వాటి మీద సున్నపు రేణువులు పట్టి, పుట్టగొడుగుల్లాగా, క్యాబేజీని అడ్డంగా కోసినట్లుగా గుండ్రని పొరల రాళ్ళు ఏర్పడ్డాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. వేంపల్లె శిలల్లో ఇవి సమృద్ధిగా ఉన్నాయి. పక్కనే అలల ముడతలు, బురద ఎండి బీటలు వారిన గుర్తులు రాయిగా మిగిలి ఉన్నాయి. అనగా ఆ సముద్రం అప్పుడప్పుడు ఎండి, మళ్ళీ నిండేదన్నమాట. ఈ ఎండడం, నిండడం అనే మాట పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఆ తర్వాత సుమారు 189 కోట్ల సంవత్సరాల క్రితం కింద నుండి కరిగిన రాతిద్రవం ఈ పొరల మధ్యకు చొచ్చుకువచ్చి పలకలాగా పరుచుకుంది. పులివెందుల దగ్గర దాన్ని చూడవచ్చు. ఆ వేడి తగిలినచోట డోలమైట్ మారిపోయి రాతినార పుట్టింది. బ్రాహ్మణపల్లె, లింగాల ప్రాంతపు ఆస్బెస్టాస్ గనులు అవే. పగుళ్ళలో ముగ్గురాయి చేరింది. ఇంకా చిత్రం, తుమ్మలపల్లె దగ్గర డోలమైట్ పొరలోనే యురేనియం ఉంది. ఆ పట్టీ 160 కిలోమీటర్ల పొడవున సాగుతుంది. సాధారణంగా యురేనియం ఖనిజాన్ని ఆమ్లంతో కరిగించి శుద్ధి చేస్తారు. ఇక్కడ ఆ పద్ధతి పనికిరాదు. డోలమైట్ ఆమ్లాన్నంతా తానే తాగేస్తుంది. అందువల్ల క్షారంతో, ఒత్తిడిలో కరిగించే పద్ధతి రూపొందించుకోవలసి వచ్చింది. 2007లో శంకుస్థాపన జరిగి 2012లో అక్కడి కర్మాగారం పని ప్రారంభించింది. నా బల్ల మీద పడిన ఆ ఆమ్లపు చుక్క తగవే కోట్ల రూపాయల కర్మాగారం రూపాన్ని నిర్ణయించిందని తెలిసినప్పుడు నాకు కొంత ఊరట కలిగింది, ఎందుకో చెప్పలేను.

డోలమైట్ మనకు కడపలోనే కాదు. ఖమ్మం జిల్లా మాధారం గని విశాఖ ఉక్కు కర్మాగారానికి డోలమైట్ సరఫరా కోసం ఏర్పడినదే. కొలిమిలో మలినాలను చిట్టెంగా తీసివేయడానికి అది కావాలి. అది గోదావరి లోయ వెంట ఉన్న పాఖాల శిలల కుటుంబం. ఇవి కూడా అతి పురాతనమైనవే.

ఈ కడప శిలల లోతు ఎంతో తేల్చడంలో మన తార్నాక పొరుగువారికి పాత్ర ఉంది. హబ్సిగూడ, ఉప్పల్ మధ్య జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ 1961 అక్టోబరు 11న ఏర్పడింది. ఇప్పుడు మెట్రో రైలు స్టేషనుకు దాని పేరే ఉంది. 2017లో ఆ లైను ప్రారంభమైన తర్వాత, ఆ నాలుగక్షరాల పొట్టిపేరుకు అర్థమేమిటని మా మనవరాలు అడిగేదాకా నేనూ ఆలోచించలేదు. 1970ల తొలినాళ్ళలో ఆ సంస్థవారు సోవియట్ శాస్త్రజ్ఞుల సహకారంతో, నెల్లూరు జిల్లా కావలి నుండి పడమటి తీరాన ఉడిపి దాకా సుమారు 600 కిలోమీటర్ల పొడవున నేలలో పేలుళ్ళు జరిపి, ఆ ప్రకంపనలు లోతు పొరల నుండి తిరిగి రావడాన్ని నమోదు చేశారు. దేశంలో ఆ తరహా లోతు పరీక్షలలో అదే మొదటిది. ఆ గీత సరిగ్గా కడప శిలల మీదుగా పోయింది. ఫలితాలు 1979లో అచ్చయ్యాయి. బయటికి బోర్లించిన పళ్ళెంలా కనిపించే ఆ ప్రాంతం లోపల పెద్ద పెద్ద విరుగుళ్ళతో, తూర్పుకు పోయేకొద్దీ ఎంతో లోతుగా ఉందని తేలింది. మొత్తం పొరల మందం పది పన్నెండు కిలోమీటర్లని అంచనా. చార్మినార్ పక్కన చార్మినార్‌ను రెండు వందల సార్లు నిలువుగా పేర్చితే దాదాపు అంత లోతు అవుతుంది.

ఇంతకూ అసలు చిక్కు చెప్పలేదు. పాత రాళ్ళలో డోలమైట్ కొండలు కొండలుగా ఉంది. ఇప్పటి సముద్రాలలో చూస్తే దాదాపు పుట్టడం లేదు. సముద్రపు నీటిలో దానికి కావలసిన సరుకంతా ఉంది, అయినా పుట్టదు. ప్రయోగశాలలో బాగా వేడి చేస్తే తయారవుతుంది గాని మామూలు వేడిమిలో రాదు. అమెరికా శాస్త్రవేత్త లింటన్ ల్యాండ్ డోలమైట్ ఏర్పడవలసినన్ని లవణాలు వెయ్యి రెట్లు ఎక్కువగా ఉన్న ద్రావణాన్ని 25 డిగ్రీల వద్ద 32 సంవత్సరాలు ఉంచి చూశాడు. డోలమైట్ రాలేదు. రాలేదన్న సంగతినే 1998లో వ్యాసంగా ప్రచురించాడు. ముప్పై రెండేళ్ళు అంటే మనలో చాలామంది పూర్తి సర్వీసు. సర్వీసంతా ఒక సీసాను కనిపెట్టుకొని ఉండి, చివరకు ఏమీ జరగలేదని ధైర్యంగా వ్రాసిన మనిషి మీద నాకు అపార గౌరవం.

1995లో కొంత వెలుగు కనిపించింది. బ్రెజిల్‌లోని ఒక ఉప్పు మడుగు బురదలో ఉండే, గాలి లేకుండా బ్రతికే బాక్టీరియా సమక్షంలో మామూలు వేడిమిలోనే డోలమైట్ ఏర్పడుతున్నట్లు వాస్కొన్సెలోస్, మెకంజీ ప్రభృతులు చూపించారు. నాచు చాపలతో నిండిన వేంపల్లె వంటి రాళ్ళ విషయంలో ఇది ఆలోచింపజేసే సంగతే.

తర్వాత 2023 నవంబరులో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం, జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయం వారు కలిసి ‘సైన్స్’ పత్రికలో మరొక సమాధానం ఇచ్చారు. వారు చెప్పినది ఇది. డోలమైట్ స్ఫటికం పెరిగేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం తమ వరుసల్లో కాక ఎక్కడపడితే అక్కడ అంటుకుంటాయి. ఆ కలగాపులగం వల్ల పై పొర చెడి, పెరుగుదల ఆగిపోతుంది. అలా వదిలేస్తే ఒక్క పొర సరిగా కుదురుకోవడానికి కోటి సంవత్సరాలు పడుతుంది. కాని మధ్యమధ్య మంచినీరు వచ్చి కొంచెం కరిగిస్తే, తప్పు చోట అంటుకున్నవి ముందు కరిగిపోతాయి, సరైన చోట ఉన్నవి నిలుస్తాయి. మళ్ళీ పెరుగుతుంది, మళ్ళీ కొంత కరుగుతుంది. హొక్కైడోలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కిరణాన్ని రెండు గంటలలో 4,000 సార్లు తట్టి ఇలా కరిగించి చూస్తే, స్ఫటికం దాదాపు 300 పొరలు పెరిగింది. అంతకుముందు ప్రయోగశాలలో ఐదు పొరలకు మించి ఎవరికీ రాలేదు. జూన్‌సూ కిమ్, వెన్‌హావ్ సన్, యూకీ కిమూరా ఈ పనిలో ముఖ్యులు. లింటన్ ల్యాండ్ సీసాలో ద్రావణం ఎప్పుడూ చిక్కగానే ఉండిపోయింది, మధ్యలో పలుచన కాలేదు. వేంపల్లె సముద్రం ఎండేది, వాన పడేది, నిండేది. పైన గుర్తుంచుకోమన్నది ఇందుకే. అయితే ప్రయోగం జరిగింది 80 డిగ్రీల వేడిమిలో. మన రాళ్ళలో అచ్చంగా ఇలాగే జరిగిందని ఈ ప్రయోగం ఒక్కటే రుజువు చేయదు.

పాత డోలమైట్‌లో చమురు నిజంగా దొరికిందా అని మిత్రులు అడగవచ్చు. దొరికింది. కెనడాలోని అల్బర్టాలో ఒక కంపెనీ 133 బావులు తవ్వి నష్టపోయిన తర్వాత 1947 ఫిబ్రవరి 13న లెదూక్ అనే చోట చమురు పడింది. అది డోలమైట్‌గా మారిన రాయి. దాని వయసు నలభై కోట్ల ఏళ్ళ లోపు, మన లెక్కలో పసిపిల్ల. అంతకంటే పాతవి ఉన్నాయి. తూర్పు సైబీరియాలోని యురుబ్చెన్ క్షేత్రంలో చమురు వంద కోట్ల ఏళ్ళకు పైబడిన డోలమైట్ పగుళ్ళలో, గూళ్ళలో ఉంది. ఆ రాతి పలుకుల మధ్య ఖాళీ దాదాపు లేదు, పగుళ్ళే దానికి ఆధారం. చైనా సిచువాన్‌లో వెయ్‌యువాన్ వద్ద 1964లోను, 2011 తర్వాత అన్యూయె వద్ద మరింత పెద్ద ఎత్తునా గ్యాసు దొరికినది 55 కోట్ల ఏళ్ళ నాటి డోలమైట్‌లో. ఒమన్‌లో అదే కాలపు డోలమైట్ పలకలు ఉప్పు గుట్టల మధ్య ఇరుక్కుపోయి, ఉప్పే మూతగా చమురును కాపాడాయి. మన దేశంలో రాజస్థాన్ బాఘేవాలా వద్ద 1991లో ఆయిల్ ఇండియా వారికి ఆ వయసు రాళ్ళలోనే చిక్కని చమురు తగిలింది. అది తారులాగా ఉండి పైకి తీయడమే కష్టమైంది.

మరి కడప? భూభౌతిక సంస్థ శాస్త్రవేత్తలు కడప, భీమా, కలాద్గి ప్రాంతాలలో కొన్ని అడుగుల లోతు నుండి మట్టి నమూనాలు తీసి, ఆ మట్టి రేణువులకు అంటుకొని ఉన్న మీథేను మొదలు బ్యూటేను దాకా వాయువులను కొలిచారు. లోతు నుండి కొద్దికొద్దిగా ఊరి వచ్చే గ్యాసు జాడలు మట్టిలో దొరుకుతాయని ఆ పద్ధతి ఆధారం. జాడలు కనిపించాయి. జాడలు కనిపించడం వేరు, బావి పడడం వేరు. ఈనాటి వరకు కడప శిలల నుండి వాణిజ్యపరంగా ఒక్క పీపా చమురు రాలేదు. నిల్వ చేయగల డోలమైట్ ఉన్నా, అందులోకి చమురు పంపగల రాళ్ళు ఆ పాత కాలపు వేడికి మాడిపోకుండా మిగలాలి. తూర్పున నల్లమల వైపు పొరలు ముడతలుపడి నలిగిపోయాయి. పడమట వేంపల్లె వైపు పొరలు నేటికీ దాదాపు సమంగా, కొద్దిపాటి వాలుతో పడుకొని ఉన్నాయి. ఆశ ఉంటే పడమటనే ఉండాలని నాకు తోస్తుంది. ఇది రిటైరైన గుమస్తా అభిప్రాయం మాత్రమేనని మనవి.

రాతిలో గూళ్ళు ఎలా పడతాయో కళ్ళారా చూడదలచినవారికి బెలుం గుహలు ఉన్నాయి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వీటిని ప్రస్తావించాడు. 1982, 83లలో జర్మను బృందం లోపలికి దిగి కొలిచింది. పొడవు 3,229 మీటర్లు. అది డోలమైట్ కాదు, బేతంచెర్ల బండ తరగతికి చెందిన సున్నపురాయి. అయినా పగులు వెంట నీరు దిగి, రాతిని తొలిచి, గదులు చేసి, గదులను కలిపిన వైనం అక్కడ మనిషి పట్టేంత పెద్దదిగా కనబడుతుంది. నిల్వ శిలలో ఇదే పని గోరంత కొలతలో జరుగుతుంది. లోపల ఉక్కగా ఉంటుంది, గాలి గొట్టాలు పెట్టినా ఉబ్బసం ఉన్నవారు పాతాళగంగ దాకా దిగవద్దు. తిరుగు ప్రయాణంలో వీలుంటే వేంపల్లె మీదుగా రండి. రోడ్డు కోసం కొండ తొలిచినచోట్ల గుండ్రని పొరల రాళ్ళు కనిపిస్తాయి. జేబులో చిన్న సీసాతో ఆమ్లం పెట్టుకొని వెళ్ళమని చెప్పను గాని, ఒక నిమ్మకాయ పట్టుకెళ్ళండి. ఆ రాయి మీద పిండినా బుడగలు కనబడవు.